బీపీ మందుల కంపెనీల్లో పెట్టుబడి: తరచుగా అడిగే ప్రశ్నలు

నెలనెలా బీపీ మాత్రలు కొంటాను, అప్పుడప్పుడూ మందుల కంపెనీల షేర్లూ కొంటాను. ఈ రెండు అలవాట్లూ తెలిసినవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. నేను షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీలో నమోదైన సలహాదారును కాను. కింద ఏ కంపెనీ పేరు కనిపించినా అది ఉదాహరణే, కొనమని చెప్పడం కాదు.

ఇంటికొకరికి బీపీ ఉన్నప్పుడు ఆ మందుల కంపెనీ షేర్లు పెరగక ఏమవుతాయి?

అందరూ ముందు అడిగేది ఇదే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 31.5 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉంది. పెద్దవాళ్లలో అది 35.5 శాతం. మదుపరికి ఈ అంకె చూడగానే నోరూరుతుంది. కానీ వీళ్లలో చాలామందికి తమకు బీపీ ఉందన్న సంగతే తెలియదు. తెలిసినవారిలో కొందరు తల తిరిగిన రోజునే మాత్ర వేసుకునే రకం. రోజూ బుద్ధిగా వేసుకునేవారికి సరిపోయే మందుల పేటెంట్లు, అంటే కనిపెట్టిన కంపెనీ ఒక్కటే అమ్ముకునే హక్కులు, ఎప్పుడో ముగిశాయి. జనఔషధి దుకాణంలో ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ మాత్ర ఒక్కోటి రూపాయి, రెండు రూపాయలకే దొరుకుతోంది.

రోగులు కోట్లలో ఉన్నారు, ఒక్కో రోగి మీద మిగిలేది పైసల్లో ఉంది. ఉప్పు కూడా ప్రతి ఇంట్లో ఉంటుంది, అంతమాత్రాన ఉప్పు అమ్మినవాళ్లంతా కోటీశ్వరులు కాలేదు. బీపీ గురించి రాస్తూ ఉప్పును ఉదాహరణగా తెచ్చినందుకు మా డాక్టరు నన్ను క్షమించాలి.

అసలు ‘బీపీ మందుల కంపెనీ’ అంటే ఏది?

మన మార్కెట్లో బీపీ మందులు మాత్రమే చేసే పెద్ద కంపెనీ కోసం వెతకవద్దు, దొరకదు. ఆ పేరు కింద మూడు వేర్వేరు వ్యాపారాలు నడుస్తున్నాయి. ఒకటి, దేశంలో డాక్టరు చీటీ మీద బ్రాండు పేరు రాయించుకుని అమ్మే వ్యాపారం. రెండోది, పేటెంటు తీరిన మందును లేదా దాని ముడిసరుకును తయారుచేసి అమెరికాకు, ఐరోపాకు పంపే వ్యాపారం. మూడోది, ఉన్న మందులకు లొంగని బీపీకి కొత్త మందు కనిపెట్టే పని. ఈ మూడోది దాదాపుగా విదేశాల్లోనే జరుగుతోంది. మొదటిదానికి దుకాణదారుడి ఓర్పు కావాలి, రెండోదానికి ఫ్యాక్టరీ మీద చూపు కావాలి. మూడోదానికి పోయినా నిద్రపట్టేంత డబ్బు మాత్రమే వాడాలి. మీరు కొంటున్నది వీటిలో ఏదో తేల్చుకోకుండా బ్యాలెన్స్ షీటు తెరిచినా ప్రయోజనం లేదు.

మందు ఒకటే అయినప్పుడు బ్రాండు పేరుకు అంత విలువ ఎందుకు?

నా సంగతే చెబుతాను. మొదట నాకు ఆమ్లోడిపిన్ రాశారు. నాలుగు నెలలు తిరిగేసరికి సాయంత్రాలు చీలమండలు ఉబ్బేవి. మేజోడు విప్పితే చర్మం మీద గాడి కనిపించేది, వేలితో నొక్కితే గుంట కాసేపు అలాగే ఉండేది. డాక్టరు దాన్ని ఆపి సిల్నిడిపిన్ రాశారు. వాపు తీసింది. ఆరేళ్లుగా అదే పేరు, అదే రంగు షీటు. మెడికల్ షాపు అబ్బాయి ‘ఇదే మందండీ, వేరే కంపెనీది, సగం ధరకే వస్తుంది’ అని చాలాసార్లు చెప్పాడు. అతను చెప్పింది నిజమేనని తెలుసు. అయినా మార్చలేదు. నాలాంటి భయస్తులే ఆ కంపెనీకి అసలైన ఆస్తి.

ఆ ఆస్తికి మార్కెట్టు ఎంత ధర కడుతుందో చూడండి. సిల్నిడిపిన్‌లో పేరుమోసిన బ్రాండు సిలకార్ (నేను వేసుకునేది ఇది కాదు), అది జేబీ కెమికల్స్‌ది. 2020లో అమెరికా పెట్టుబడి సంస్థ కేకేఆర్ ఈ కంపెనీలో 54 శాతం వాటాను సుమారు 3,100 కోట్ల రూపాయలకు కొంది. 2025 జూన్‌లో, తన చేతిలో మిగిలిన 46.39 శాతాన్ని 11,917 కోట్లకు టోరెంట్ ఫార్మాకు అమ్మేందుకు ఒప్పందం చేసుకుంది. వేరే జబ్బుల మందులైన రాన్‌టాక్, మెట్రోజిల్ కూడా ఆ కంపెనీవే కాబట్టి ఘనతంతా బీపీ మాత్రకే కట్టబెట్టలేం. కానీ ఈ అయిదేళ్లలో ధర అంతగా పెరగడానికి కొత్త మందేదీ కనిపెట్టనక్కర్లేకపోయింది. ఒకసారి మొదలైతే ఏళ్ల తరబడి ఆగని మందులు చేతిలో ఉండటం, వాటిని ఇంకా ఎక్కువమంది డాక్టర్ల దగ్గరకు చేర్చడం సరిపోయాయి.

అందుకే ఇలాంటి కంపెనీ వార్షిక నివేదిక తెరిస్తే నేను మూడు విషయాలు వెతుకుతాను. అమ్మకాల్లో దీర్ఘకాలిక జబ్బుల మందుల వాటా ఎంత? ఒక్కో మెడికల్ రెప్ నెలకు ఎంత అమ్ముతున్నాడు? పెరిగిన అమ్మకాల్లో ధర పెంచగా వచ్చింది ఎంత, మాత్రలు ఎక్కువగా అమ్ముడుపోగా వచ్చింది ఎంత? మూడోది చాలామంది చూడరు. ధర పెంచుకుంటూ పోయే దారి మన దేశంలో ఎక్కువ దూరం సాగదు.

ఎందుకు సాగదు? ప్రభుత్వం ధరలు తగ్గిస్తుందా?

ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ వంటివి అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నాయి. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వీటికి గరిష్ఠ ధర ఉంటుంది. టోకు ధరల సూచీ ఎంత పెరిగితే అంతే పెంచుకోవాలి. 2022లో అది 10.77 శాతం, 2023లో 12.12 శాతం. కంపెనీలు పండగ చేసుకున్నాయి. 2024లో వచ్చింది 0.00551 శాతం, అంటే వంద రూపాయల మీద అర పైసా. జాబితాలో లేని మందుల ధరను ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. ఏ మందు ఎప్పుడు జాబితాలోకి వస్తుందో మాత్రం కంపెనీ చేతిలో లేదు.

అమెరికాలో పేటెంటు ముగిస్తే మన కంపెనీలకు పంటేనా?

పంటే, కానీ కోతకు వచ్చేవాళ్లు ఎక్కువ. ఫైజర్ వారి నార్వాస్క్, అంటే ఆమ్లోడిపిన్, 2006లో దాదాపు 490 కోట్ల డాలర్ల అమ్మకాలు చేసింది. 2007 మార్చిలో జెనరిక్ మాత్రలు, అంటే పేటెంటు తీరాక వేరే కంపెనీలు చేసే అదే మందు, రాగానే ఆ ఏడాది అమ్మకాలు 300 కోట్లకు దిగాయి. ఆ తేడా అంతా జెనరిక్ కంపెనీలకు చేరిందనుకుంటే పొరపాటు. ఎక్కువ భాగం ధర తగ్గడంలోనే ఆవిరైంది. ముందు వచ్చినవాడికి కొంత మిగులుతుంది, పదో వాడికి రవాణా ఖర్చులు కూడా రావు.

అందుకే ముందు రావడానికి కంపెనీలు ఎంతకైనా తెగిస్తాయి. మన హైదరాబాద్ కథే ఒకటుంది. నార్వాస్క్‌లో ఉన్నది ఆమ్లోడిపిన్ బెసిలేట్ అనే లవణం. డాక్టర్ రెడ్డీస్ వాళ్లు మేలియేట్ అనే మరో లవణంతో మాత్ర చేసి, ఫైజర్‌కు పొడిగించిన పేటెంటు గడువు బెసిలేట్‌కే వర్తిస్తుంది, మా మాత్రకు కాదు అని వాదించారు. 2002 డిసెంబరులో న్యూజెర్సీ కోర్టు ఒప్పుకుంది. 2003 అక్టోబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది. అందరూ ఇక చెక్కులు రావడమే తరువాయి అనుకున్నారు. 2004 ఫిబ్రవరి 27న అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసింది. పేటెంటు పొడిగింపు అసలు మందుకు, దాని లవణాలన్నింటికీ వర్తిస్తుందని తేల్చింది. మాత్ర సిద్ధంగా ఉంది, అనుమతి ఉంది, అమ్మే వీలు లేదు. ఈ కథ తెలిసినవాళ్లు ‘కోర్టులో గెలిచాం’ అన్న వార్త చూసి షేరు కొనరు, అప్పీలు అయ్యేదాకా ఆగుతారు.

వార్తల్లో తరచూ కనిపించే ‘ఎఫ్‌డీఏ పరిశీలనలు’, ‘483’ ఏమిటి? భయపడాలా?

అమెరికాకు మందులు పంపే ఫ్యాక్టరీని ఎఫ్‌డీఏ అధికారులు తనిఖీ చేస్తారు. వెళ్లేటప్పుడు తప్పులేమైనా కనిపిస్తే రాసిచ్చే కాగితమే ఫారం 483. దాదాపు ప్రతి కంపెనీకీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఎన్ని పరిశీలనలు అన్నదానికన్నా ఎలాంటివి అన్నది ముఖ్యం. గోడకు పెచ్చులూడాయంటే సరిచేస్తారు. రికార్డులు దిద్దారని రాస్తే జబ్బు లోపలిదని అర్థం. దాని తర్వాతి మెట్టు హెచ్చరిక లేఖ. ఆ పైది దిగుమతి నిషేధం, అంటే ఆ ఫ్యాక్టరీ సరుకు ఓడరేవు దాటదు.

దీని ఖరీదు తెలియాలంటే డయోవాన్ కథ వినాలి. నోవార్టిస్ వారి ఈ వాల్సార్టన్ మాత్ర 2010లో 600 కోట్ల డాలర్ల సరుకు. అమెరికాలో పేటెంటు 2012 సెప్టెంబరులో ముగిసింది. మొదటి జెనరిక్‌ను 180 రోజులు పోటీ లేకుండా అమ్ముకునే హక్కు మన రాన్‌బాక్సీది. లాటరీ తగిలినట్టే. కానీ దాని భారతీయ ఫ్యాక్టరీలు ఒకదాని వెంట ఒకటి దిగుమతి నిషేధంలో చిక్కుకున్నాయి. మాత్రకు అనుమతి రాలేదు. ఆ హక్కు వాడుకునేదాకా మిగతావాళ్లకూ దారి లేదు. చివరకు 2014 జూన్‌లో న్యూజెర్సీలోని రాన్‌బాక్సీ అనుబంధ సంస్థకు అనుమతి దొరికింది. ఈ ఇరవై ఒక్క నెలలూ పేటెంటు లేని మందును నోవార్టిస్ తీరిగ్గా అమ్ముకుంది. రాన్‌బాక్సీ ఫ్యాక్టరీల్లో జరిగిన తప్పుకు లాభం స్విట్జర్లాండ్‌కు చేరింది.

మళ్లీ అదే వాల్సార్టన్ 2018లో మార్కెట్టును కుదిపింది. చైనాలోని జెజియాంగ్ హువాహై తయారుచేసిన ముడి మందులో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ కారకమని అనుమానించే మలినం బయటపడింది. తయారీ పద్ధతిని మార్చి ఉత్పత్తి పెంచుకునే ప్రయత్నంలో అది చేరింది. ఆ జులైలో మొదలైన రీకాల్స్ (సరుకును వెనక్కి పిలవడం) తర్వాత అదే కుటుంబానికి చెందిన ఇతర సార్టన్ మందులకూ పాకాయి. మన హెటెరో, అరబిందో, టోరెంట్ కూడా కొన్ని బ్యాచ్‌లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. మాత్ర అదే, డాక్టర్లు రాసేదీ అదే. మారిందల్లా రియాక్టరులో ఒక ద్రావకం, ఒక రసాయనం. అందుకే ఎగుమతి కంపెనీ షేరు కొనేవాళ్లు రక్తపోటు గురించి కాస్త తక్కువగా, ఫ్యాక్టరీ గురించి కాస్త ఎక్కువగా చదవాలని నా అభిప్రాయం.

ఇన్ని మందులు ఉండగా కొత్తవి ఎవరికి కావాలి?

మూడు మందులు వేసుకున్నా పై బీపీ 150 దిగనివాళ్లు ఉన్నారు. కొత్త పరిశోధనలు చాలావరకు వాళ్ల కోసమే. ఇప్పుడు ఎక్కువ డబ్బు ఆల్డోస్టిరాన్ అనే హార్మోను మీద పోస్తున్నారు. ఇది ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది. దాని తయారీని ఆపితే బీపీ తగ్గుతుంది. చిక్కేమిటంటే, దాన్ని తయారుచేసే ఎంజైమూ, ప్రాణావసరమైన కార్టిసాల్‌ను తయారుచేసే ఎంజైమూ కవల పిల్లల్లా ఉంటాయి. ఒకదాన్ని కొట్టి రెండోదాన్ని వదిలేసే మందు కోసం చాలా ఏళ్లు పట్టింది. ఆస్ట్రాజెనెకా వారి బాక్స్‌డ్రోస్టాట్, మినరాలిస్ వారి లోరండ్రోస్టాట్ ఆ రకమే.

రెండో దారి ఇంజెక్షను. ఆల్నైలమ్ తయారుచేసిన జైలెబెసిరాన్ బీపీ పెరగడానికి మూలమైన యాంజియోటెన్సినోజెన్ అనే ప్రోటీను ఉత్పత్తినే కాలేయంలో అణచివేస్తుంది. ఆరు నెలలకొక సూది సరిపోవచ్చని ఆశ. 2023 జులైలో రోష్ దీని కోసం 31 కోట్ల డాలర్లు ముందే చెల్లించింది, అన్నీ కుదిరితే మొత్తం 280 కోట్ల దాకా. రోజూ మాత్ర మరిచిపోయే మా అన్నయ్యకు ఇది వరం. అయితే 2025 ఆగస్టులో వచ్చిన ఒక రెండో దశ ట్రయల్ (రోగుల మీద మందును పరీక్షించడం) ఫలితం ముందుగా గీసుకున్న గణాంకాల గీతను దాటలేదు. కంపెనీలు వెనక్కి తగ్గకుండా సుమారు 11 వేల మందితో పెద్ద ట్రయల్‌కు సిద్ధమయ్యాయి.

ట్రయల్ ఫలితం రాగానే షేరు అంతలా ఎందుకు ఊగుతుంది?

చిన్న కంపెనీకి అమ్మకాలు ఉండవు. ఒకే మందు, కొన్నేళ్ల ఖర్చుకు సరిపడా నగదు ఉంటాయి. ఆ ఒక్క మందు మీద నమ్మకం తగ్గితే షేరుకు ఆసరా ఏమీ మిగలదు.

బాక్స్‌డ్రోస్టాట్ ఆస్ట్రాజెనెకా కంటే ముందు సిన్‌కార్ అనే చిన్న అమెరికా కంపెనీ చేతిలో ఉండేది. 2022 జనవరిలో షేరు 16 డాలర్లకు ఐపీఓ, అంటే జనానికి తొలిసారి షేర్లు అమ్మడం. ఆగస్టులో, మొండి బీపీ రోగులపై రెండో దశ ట్రయల్ ఎంత బాగా సాగిందంటే దాన్ని ముందే ఆపేశారు. నవంబరు చివర్లో మరో రెండో దశ ట్రయల్ ఫలితం వచ్చింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలోనూ బీపీ బాగా దిగడంతో అసలు మందుకు, దానికి తేడా తేలలేదు. ఒక్కరోజులో షేరు సుమారు సగమైంది. ఆరు వారాలు తిరిగేసరికి, 2023 జనవరిలో, ఆస్ట్రాజెనెకా షేరుకు 26 డాలర్లు నగదు, షరతులు నెరవేరితే మరో 10 డాలర్లు ఇస్తామని వచ్చింది. ముందురోజు ధరకు అది రెట్టింపు పైమాటే. భయపడి అమ్మినవాళ్లు, మొండిగా ఉంచుకున్నవాళ్లు ఇద్దరూ అదే కాగితం చదివారు. 2025 ఆగస్టులో మూడో దశ ఫలితాలు వచ్చాయి. 12 వారాలకు, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే 2 మిల్లీగ్రాముల మోతాదు పై బీపీని 9.8 పాయింట్లు అదనంగా తగ్గించింది. ఇదంతా ఇప్పుడు చదువుతుంటే సులువుగా ఉంది. 2022 నవంబరు చివరి రాత్రి ఎవరికీ సులువుగా లేదు.

ఫలితాల ప్రకటనలో ఏం చూడాలి?

బీపీ విషయంలో ఉత్తుత్తి మాత్ర గట్టి ప్రత్యర్థి. ఆసుపత్రికి క్రమంగా రావడం, ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యం, మానేసిన పాత మాత్రలు మళ్లీ వేసుకోవడం, ఇవన్నీ కలిసి బీపీని దించేస్తాయి. ‘16 పాయింట్లు తగ్గింది’ అని పెద్దక్షరాల్లో రాస్తే, ఉత్తుత్తి మాత్రను తీసేశాక ఎంత మిగిలిందో కింది పేరాలో వెతకండి. తర్వాత, అది క్లినిక్‌లో ఒకసారి కొలిచిందా, 24 గంటలూ చేతికి యంత్రం కట్టి కొలిచిందా చూడండి. ఆల్డోస్టిరాన్ మందులైతే రక్తంలో పొటాషియం ఎంతమందికి పెరిగిందో చూడాలి. ఆ అంకె ప్రకటన చివర్లో ఉంటుంది.

అనుమతి వస్తే ఇక ఢోకా లేనట్టేనా?

ఇడోర్సియాను చూడండి. ఈ స్విస్ కంపెనీ తయారుచేసిన అప్రోసిటెంటాన్, బీపీకి చాలా ఏళ్ల తర్వాత వచ్చిన సరికొత్త తరహా మందు. 2017లో జాన్సన్ అండ్ జాన్సన్ వారి జాన్సెన్ 23 కోట్ల డాలర్లు ఇచ్చి భాగస్వామిగా చేరింది. 2023లో ఆ హక్కులు తిరిగి ఇడోర్సియాకే వచ్చేశాయి. 2024 మార్చిలో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. పండగ చేసుకోవాల్సిన ఏడాదిలోనే నగదు అడుగంటింది, ఉద్యోగుల్ని తగ్గించారు, ఏడాది చివరికి షేరు ఒక స్విస్ ఫ్రాంకు దరిదాపులకు దిగింది. రూపాయి మాత్రలతో నిండిన మార్కెట్లోకి ఖరీదైన మాత్రను తేవాలంటే డాక్టర్లను ఒప్పించే సైన్యం, బీమా కంపెనీల అంగీకారం కావాలి. వాటికి మళ్లీ డబ్బు కావాలి.

మందులు కాకుండా పరికరాలు?

కిడ్నీ రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, దాని చుట్టూ ఉన్న నరాలను కాల్చి బీపీ తగ్గించే పద్ధతి ఉంది. మెడ్‌ట్రానిక్ 2011లో ఇందుకోసం ఆర్డియన్ అనే కంపెనీని 80 కోట్ల డాలర్లు ముందుగా చెల్లించి కొంది. 2014 జనవరిలో, కొందరికి ఉత్తుత్తి శస్త్రచికిత్స చేసి పోల్చిన ట్రయల్‌లో తేడా కనిపించలేదు. పోటీ కంపెనీలు కొన్ని ఆ రంగాన్నే వదిలేశాయి. మెడ్‌ట్రానిక్ వదల్లేదు. పరికరాన్ని మార్చి, ట్రయల్స్ మళ్లీ చేసి 2023 నవంబరులో అనుమతి సాధించింది. అంతకు పది రోజుల ముందే ఒట్సుకాకు చెందిన రీకార్‌కూ అనుమతి వచ్చింది. పన్నెండేళ్లకు పైగా ఆగగల జేబు మెడ్‌ట్రానిక్‌కు ఉంది. మీకూ నాకూ ఉందా అన్నది వేరే ప్రశ్న.

ఇక్కడి నుంచి అమెరికా షేర్లు ఎలా కొనాలి? పన్ను సంగతి?

రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. అది రిటర్నులో సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. 2024 జులై 23 తర్వాతి లెక్క ప్రకారం విదేశీ షేర్లను 24 నెలలు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం పన్ను. రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపడం మరవవద్దు. బడ్జెట్లు ఇవన్నీ మారుస్తుంటాయి కాబట్టి కొనే ముందు మీ ఆడిటర్‌ను అడగండి.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. అమెరికా పౌరుడూ, అక్కడి నివాసీ కాని మనిషి చనిపోతే, అక్కడి అతని షేర్ల విలువ 60 వేల డాలర్లు దాటినచోట అమెరికా వారసత్వ పన్ను పడుతుంది. అది 40 శాతం దాకా వెళ్లవచ్చు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు తలనొప్పి ఎదురు దిశలో ఉంటుంది. అక్కడి షేరు ఫోనులో రెండు నొక్కులకు వస్తుంది, మన ఫార్మా మ్యూచువల్ ఫండ్ కొంటే మాత్రం అక్కడి పన్ను లెక్క నరకం.

హెటెరో, ఎంఎస్‌ఎన్ షేర్లు కొనవచ్చా?

రెండూ హైదరాబాద్ దిగ్గజాలే, కానీ ఇది రాస్తున్న నాటికి స్టాక్ ఎక్స్ఛేంజీల్లో లేవు.

విడి షేర్ల బదులు ఫార్మా ఫండ్ మేలు కాదా?

ఒక ఫ్యాక్టరీకి దెబ్బ తగిలితే మొత్తం మునగకుండా ఉండాలనుకునేవారికి మేలే. కాకపోతే అందులో బీపీ ఒక్కటే ఉండదు. క్యాన్సర్ ఇంజెక్షన్లు, ఆసుపత్రులు, రక్తపరీక్షల కేంద్రాలు కలగలిసి వస్తాయి.

‘బీపీని శాశ్వతంగా నయం చేసే మందు వస్తోంది, ఇప్పుడే కొనండి’ అని వాట్సాప్‌లో వచ్చింది…

నాకూ వచ్చింది. షేరు ధర నాలుగు రూపాయలు. ట్రయల్ ఏ దశలో ఉందని అడిగాను. ‘మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఉండాలి కదా, నంబరు చెప్పండి’ అన్నాను. నన్ను గ్రూపులోంచి తీసేశారు.

మీరు వేసుకునే మాత్ర కంపెనీ షేరు మీ దగ్గర ఉందా?

లేదు. ఒకరోజు కళ్లజోడు పెట్టుకుని, షీటు వెనక వెండి రేకు మీది చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాను. అమ్మేది ఒక కంపెనీ, తయారుచేసేది సిక్కింలో ఇంకో కంపెనీ. రెండు పేర్లూ ఎక్స్ఛేంజీ జాబితాలో వెతికాను, రెండూ లేవు. షీటు తిప్పి ఆ రోజు మాత్ర వేసుకున్నాను.